ఆడబిడ్డ పిలుపు

పోయిన వేసవిలో నెల రోజుల పాటు నేను రోజూ సాయంత్రం మా ఇంటి గడప లోపల నిలబడి వేషాలు కట్టాను. ఒక రోజు చెవుడున్న ముసలమ్మను. ఒక రోజు తలుపు సగమే తెరిచి "ఎవురు? ఏం గావల్ల?" అని కసిరే గయ్యాళిని. ఇంకో రోజు "కాఫీ తాగందే పోనిచ్చేది లేదు" అని చెయ్యి పట్టి లోపలికి గుంజే అతి ప్రేమ ఇల్లాలిని. గడప అవతల ఒక పిల్ల కుంకుమ భరిణె పట్టుకుని నిలబడేది. పిల్ల అంటున్నానే గానీ ఆమెకు ఇరవై ఆరేళ్లు. నేను ఏ వేషంలో ఉన్నా సరే, నాకు బొట్టు పెట్టి, "మాయన్న పెండ్లి. ఒంటిమిట్టలో. అందరూ రావల్ల" అని చెప్పి, కార్డు చేతికిచ్చి, దండం పెట్టి వెనక్కి తిరిగి పోవాలి. అదే పాఠం.

మొదటి రోజు కుంకుమ సగం నా ముక్కు మీద పడింది. మరుసటి రోజు కళ్లద్దాల మీద. నా భర్త పోయినప్పటి నుంచి నా నొసటికి కుంకుమ తగిలింది లేదు. ఇప్పుడేమో పొద్దు గూకేసరికి ముఖమంతా జాతర. ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు మిద్దె మీద నుంచి ఇదంతా చూసి, "ఏమ్మా, నాటకం ఎప్పుడు? మాకు ముందు వరుసలో కుర్చీ వేపిస్తారా?" అని కేక వేసేవాడు.

"నువ్వు మొగోనివి తాతా, నీకు బొట్టు లేదు. కార్డే!" అని కింది నుంచి జవాబు.

ఆ పిల్లతో నాకు పరిచయం ఎట్లా అయిందో చెప్పాలి. నేను కర్నూలు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పని చేసి సూపర్‌వైజరుగా రిటైరైనదాన్ని. అన్నిటికీ ఒక పద్ధతి ఉండాలనేదాన్ని, రోజూ డైరీ రాయనిదే నిద్ర పట్టనిదాన్ని. రిటైరయ్యాక పద్ధతిగా చేయడానికి ఇంట్లో పని మిగల్లేదు. అప్పుడు ఊళ్లో కొందరు స్వచ్ఛందంగా నడుపుతున్న ఒక కార్యక్రమం గురించి తెలిసింది. వైకల్యం ఉన్న ఒకరికి పెద్దవాళ్లు ఒకరు తోడు. వారంలో కొన్ని సాయంత్రాలు కలిసి గడపాలి. వాళ్ల పనులు వాళ్లు చేసుకునేదాకా పక్కనే ఉండాలి. నియమం ఒకటే: పని మనం చేసి పెట్టకూడదు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఒక మనిషి చొక్కా గుండీతో కుస్తీ పడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో కూర్చుంటే గానీ తెలియదు.

ఈ పిల్లకు పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. మాట కొంచెం మందం, వేళ్లు పొట్టి, నవ్వు పెద్దది. మొదటి రోజు నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"నువ్వు టీచరా?"

"కాదు."

"డాక్టరా?"

"కాదు."

"మరి ఎందుకొచ్చినావు?"

"ఊరికే."

"ఊరికే వచ్చినోళ్లకు మాయమ్మ కాఫీ ఇయ్యదు," అని చెప్పి లోపలికి పోయింది. లోపల వాళ్లమ్మ తల పట్టుకుంది. ఆ కాఫీ ఏదో నువ్వే పెట్టివ్వు అన్నాను నేను. మా చదువు పొయ్యి ముట్టించడంతో అట్లా మొదలైంది. తర్వాత జడ వేసుకోవడం, కొట్టుకు పోయి కొత్తిమీర తేవడం, చివరికి షేర్ ఆటో ఎక్కి ఒక్కతే మా ఇంటికి రావడం. ఆటోవాళ్లు కూడా నేర్చుకున్నారు. "ఏయ్ అన్నా, ఆడ గాదు, ఈడ!" అని వీపు మీద ఒక్కటిస్తే, కర్నూల్లో ఏ ఆటో అయినా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది.

ఇంతలో వాళ్లన్నకు కడప సంబంధం కుదిరింది. అప్పటి నుంచి ఆ పిల్లకు ఒకటే ధ్యాస. పెండ్లయి కొత్త జంట ఇంటికి వచ్చినప్పుడు, గడప దగ్గర అడ్డం నిలబడి పేర్లు చెప్పించేది ఆడబిడ్డ గదా. పేర్లు చెప్పాక ఆడబిడ్డ ఒక మాట అడుగుతుంది, దానికి సరే అంటేనే లోపలికి దారి. ఆ ఇంటికి ఆడబిడ్డ తానొక్కతే. కాబట్టి గడప తనది. ఇందులో ఆమెకు ఎట్లాంటి అనుమానమూ లేదు.

అనుమానమంతా వాళ్లమ్మకే. గడప దగ్గర నిలబడడానికి తన అక్క కూతుర్ని అప్పటికే మాట్లాడి పెట్టుకుంది. నేను అడిగితే వంటింట్లోకి తీసుకుపోయి గొంతు తగ్గించింది. "ఆడ ఏమని అడుగుతారు అక్కా? నీకు కూతురు పుడితే నా కొడుక్కిస్తావా అని గదా. ఇది ఏమని అడుగుతాది? దీనికి పెండ్లా, కొడుకా? నలుగురూ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వితే నేను తట్టుకోలేను. దానికేం తెల్సు పాపం."

దానికేం తెలుసు అనేది ఆ ఇంట్లో ఉప్పు లాంటి మాట. అన్నింట్లోనూ పడేది.

నేను జవాబు చెప్పేలోపల వెనక తలుపు చాటు నుంచి, "నాకు తెల్సు," అని వినిపించింది. ఆ తర్వాత రెండు రోజులు ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని, తినకుండా, నాకు తెల్సు నాకు తెల్సు అని జపం చేసిందట. మూడో రోజు తల్లి విసిగిపోయి, "సరే మే! మన వీధి పిలుపులు నువ్వు చెయ్యి. ఒక్కదానివే. గలాటా లేకుండా వీధంతా పిల్చి వస్తే గడప నీదే," అంది. ఎట్లాగూ అయ్యేది కాదులే అనే ధైర్యంతో అన్న మాట అది. నాకూ అర్థమైంది, ఆ పిల్లకూ అర్థమైంది. అందుకే మా ఇంటి ముందు ఆ నాటకాలు.

అన్ని వేషాల్లోకీ కష్టమైనది ఒకటుంది. గడప దగ్గరికి వచ్చిన ఆమెను చూడకుండా, ఆమె తల మీదుగా వెనక ఎవరినో అడిగే ఇల్లాలు. "ఈ పిల్ల ఎవురమ్మా? ఏమంటాండాది?" అని నేను గాలిలోకి అడిగేదాన్ని. మొదటిసారి ఆమె కూడా వెనక్కి తిరిగి ఎవరున్నారా అని చూసింది. జవాబు నేను నేర్పలేదు. ఆ ఇల్లాలిగా మళ్లీ మళ్లీ వచ్చాను. ఒక సాయంత్రం ఆమె భరిణె చంకలో పెట్టుకుని, నా గడ్డం పట్టి ముఖం తన వైపు తిప్పుకుని, "నన్ను అడుగు," అంది. నేను వేషం మరిచి చప్పట్లు కొట్టాను. మిద్దె మీద హెడ్మాస్టరు కూడా కొట్టాడు.

పిలుపుల రోజు వచ్చింది. పొద్దున్నే వాళ్లింటికి పోయాను. పిల్ల పచ్చ పట్టుపావడా, ఓణీ కట్టుకుని, రెండు జేబుల సంచి తగిలించుకుని తయారుగా ఉంది. ఒక జేబులో కార్డులు, ఇంకో జేబులో కలకండ. వాళ్లమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, కొంచెం వెనకాలే పోరాదా? దూరంగానే."

"నేనెట్లా వస్తాను తల్లీ? భర్త లేనిదాన్ని. కుంకుమ పిలుపుల వెంట నేను నడిస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఆచారమంటే ఆచారమే," అన్నాను, ముఖం వీలైనంత గంభీరంగా పెట్టి. ఆ ఆచారాన్ని నేను తిట్టని రోజు లేదని ఆమెకు బాగా తెలుసు. నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కానీ ఏమని కాదంటుంది?

కూతురికి ఆఖరి మాటగా చెప్పింది. "ఆ చివర నీలం గేటు ఇల్లు మాత్రం దాటిపో. విన్నావా?"

నీలం గేటు ఇల్లు వాళ్ల చిన్నాయనది, అంటే ఈ పిల్ల తండ్రికి సొంత తమ్ముడిది. ఆత్మకూరు దగ్గర పొలంలో ఉమ్మడి బోరు మోటారు కాలిపోతే ఎవరు కాల్చినారనే దాని మీద మొదలైన తగాదా, ఒకరి గడప ఒకరు తొక్కనంత దూరం పోయింది. ఒకే వీధి. వాళ్లు ఇటు వస్తుంటే వీళ్లు అటు చూస్తారు.

"విన్నా," అని పిల్ల చెప్పులేసుకుని పోయింది.

మేమిద్దరం వసారాలో కూర్చున్నాం. వీధి తిన్నగా ఉంటుంది, చివరి దాకా కనిపిస్తుంది. మొదటి ఇంటామె తలుపు తీసి, పిల్లను చూసి, తల పైకెత్తి వీధంతా వెతికి, "ఎవురూ రాలేదా ఈ పిల్ల తోడు?" అని మా వైపు అరిచింది. 

"నేను వచ్చినా గదా పెద్దమ్మా. కనపల్లేదా?"

ఆ కేక మాకు కూడా వినిపించింది. పెద్దమ్మ వంగి నొసలు చూపించింది. నేను వాళ్లమ్మ తొడ మీద చరిచాను. ఆమె కెవ్వుమంది.

తర్వాత ఇంట్లో కాఫీ. ఆ తర్వాత ఇంట్లో మజ్జిగ. ఆ పక్కది చర్చికి పోయే టీచరమ్మ ఇల్లు. వాళ్లు బొట్టు పెట్టుకోరు. "మీకు బొట్టు లేదు, అందుకని కలకండ ఎక్కువ," అని దోసిలి నిండా పోసిందట. టీచరమ్మ పిల్ల తల మీద చెయ్యి పెట్టి కొత్త జంట కోసం ప్రార్థన చేస్తే, ఈమె అది ముగిసేదాకా ఆగకుండా మధ్యలో రెండుసార్లు ఆమెన్ అందట. ఎదురుగా సాయిబుల ఇంట్లో ముసలమ్మ, "ఆవ్ బేటీ," అని పిలిచి రెండు మణికట్లకూ అత్తరు పూసింది. బయటికి వచ్చినప్పుడు చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని నడుస్తుంటే, చంకలోని భరిణె జారి పడబోయింది. వాళ్లమ్మ లేచి నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను. పిల్ల భరిణె అందుకుని, మా వైపు తిరిగి, ఏమీ కాలేదన్నట్టు చెయ్యి ఊపింది.

వాళ్లమ్మ నవ్వింది. కూతుర్ని చూసి అట్లా నవ్వడం నేను అప్పుడే చూశాను. "చేస్తాండాది గదక్కా," అంది.

చివరికి నీలం గేటు వచ్చింది. పిల్ల దాన్ని దాటి పోయింది. వాళ్లమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. పిల్ల నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగింది. గేటు తీసింది. లోపలికి పోయింది.

"అయ్యో! అయ్యయ్యో! కొంప ముంచింది!" అని వాళ్లమ్మ అరిచిన అరుపుకు లోపల పేపరు చదువుతున్న వాళ్ల నాయన చెప్పులు లేకుండా బయటికి వచ్చాడు. ఎవరైనా పోయి పిల్చుకుని రావాలి. కానీ పోవాలంటే ఆ గేటు ముందు నిలబడాలి. వాళ్లమ్మ మెట్టు దిగింది, ఎక్కింది. వాళ్ల నాయన అదే పని చేశాడు. నేను కూర్చునే ఉన్నాను, అయితే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని.

పిల్ల వచ్చేసరికి జడలో కనకాంబరాలు, నోటి నిండా ఏదో నములుతోంది.

"ఆ ఇంటికి ఎందుకు పోయినావే? దాటిపొమ్మన్నా గదా!"

"దాటినా. మళ్లా వచ్చినా."

"ఎందుకు వచ్చినావు అంటాండా!"

"చిన్నమ్మ వాకిట్లో నిలబడి చూస్తాండాది. అందరికీ పెట్టి ఆమెకు పెట్టకపోతే ఎట్లమ్మా?" అని, భరిణె మూత తీసి చూపించింది. "కుంకుమ ఉండాది ఇంకా."

"గలాటా చెయ్యొద్దని చెప్తే ఊరంత గలాటా చేసి పెట్టినావు. గడప లేదు, ఏం లేదు. పో లోపలికి!"

పిల్ల నమలడం ఆపింది. కదల్లేదు. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. అది నా పని కాదు. పక్కనే ఉండడమే నా పని. ఆ క్షణంలో అంత కష్టమైన పని ఇంకొకటి లేదు.

అప్పుడే గేటు చప్పుడైంది. తిరిగి చూస్తే చిన్నమ్మ. నొసట పెద్ద కుంకుమ బొట్టు, పక్కన చెంప దాకా ఒక గీత. మెట్టు ఎక్కలేదు. మెట్టు కిందనే నిలబడి మాట్లాడింది.

"అక్కా, లోపలికి రాను. ఒక్క మాట అడిగి పోతా. నీ కూతురొచ్చి బొట్టు పెట్టి పిల్చింది. ఇది పిలుపా, పిల్లచేష్టా? పిలుపైతే ఇంటిల్లిపాదీ వస్తాం. చేష్టైతే నవ్వుకుని మా దోవన మేముంటాం. నువ్వే చెప్పు."

ఎదురిండ్ల తలుపుల్లో తలలు మొలిచాయి. చాలామంది నొసళ్ల మీద తాజా కుంకుమ.

దానికేం తెలుసు అని ఒక్క మాట చాలు. చిన్నమ్మ వెనక్కి పోతుంది, పగ చెక్కు చెదరకుండా ఉంటుంది. ఆ మాట వాళ్లమ్మ నాలుక చివర దాకా రావడం నాకు కనిపించింది. కానీ వీధిలోని బొట్లన్నీ పెట్టింది ఆ చెయ్యే. ఈ ఒక్కటీ చేష్ట అయితే అన్నీ చేష్టలే. ఇంకో భరిణె పట్టుకుని ఇంటింటికీ పోయి, ఇందాక వచ్చింది లెక్కలోకి రాదు, ఇప్పుడు పిలుస్తున్నానని చెప్పుకోవాలి. పైగా ఆ పిల్ల తల్లి నోటి వంకే చూస్తోంది. మేమందరం చూస్తున్నాం.

వాళ్లమ్మ కొంగు దులిపి నడుముకు చెక్కుకుంది.

"ఇంటి ఆడబిడ్డ పిల్చినాక పిలుపు గాకుండా ఏమైతాది? రాండి. కానీ బోరు మాట ఎత్తితే మర్యాద దక్కదు."

"నేనెందుకు ఎత్తుతా? నీ మొగుడు ఎత్తితే?"

"నోట్లో లడ్డు కుక్కుతా."

"నేనేమంటిని ఇప్పుడు?" అన్నాడు వాళ్ల నాయన. ఎదురింటివాళ్లు పడీ పడీ నవ్వారు. చిన్నమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పిల్ల తిరిగి నమలడం మొదలుపెట్టింది. "ఆడబిడ్డ అన్నావు. గడప నాదే," అంది.

గడప దగ్గర ఏమడగాలో ఆ తర్వాత నేను పద్ధతి ప్రకారం నిర్ణయించాను. కూతుర్ని నా కొడుక్కిస్తావా అనే గొడవ లేకుండా, "నాకు పట్టుచీర పెట్టల్ల," అని అడగాలి. ఎవరికీ నొప్పి లేదు. మళ్లీ మా ఇంటి ముందు నాటకం. ఈసారి నేనే పెండ్లికొడుకును, నేనే పెండ్లికూతురును. నేను ఎన్నిసార్లు అడిగించినా పిల్ల ఒక్క అక్షరం తప్పకుండా పట్టుచీర అనే చెప్పింది. అంత బుద్ధిగా చెబుతుంటే అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఒంటిమిట్టలో పెండ్లి ఎండకు చెమటలు కక్కుతూ జరిగింది. అన్నదమ్ములు పందిట్లో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు గానీ, ఒకే విసనకర్ర ఇద్దరి మధ్యా చాలాసార్లు చేతులు మారింది. మరుసటి రోజు మధ్యాహ్నం బండ్లన్నీ కర్నూలు చేరాయి. అందరికీ ఆకలి. అందరికీ నిద్ర. గడపలో ఆ పిల్ల రెండు చేతులూ చాచి నిలబడింది. ఎందుకైనా మంచిదని వాళ్లమ్మ ముందు మాట్లాడి పెట్టుకున్న తన అక్క కూతుర్ని పక్కన నిలబెడితే, మోచేత్తో ఆమెను గోడ దాకా జరిపింది.

"పేరు చెప్పు!"

వాళ్లన్న తన భార్య పేరు చెప్పాడు. కొత్త కోడలు తల వంచుకుని మొగుడి పేరు గొణిగింది.

"వినపల్లా!"

ఇంకోసారి.

"వీధి చివర దాకా వినపడల్ల!"

కోడలు తలెత్తి ఒక్క అరుపు అరిచింది. టీచరమ్మ, సాయిబుల ముసలమ్మ, చిన్నమ్మ, అందరూ ఈలలు వేసినంత పని చేశారు. తర్వాత అడిగే మాట వచ్చింది. వాళ్లమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను గుంపులో నుంచి పెదవులతో పట్టుచీర, పట్టుచీర అని చూపించాను. పిల్ల నన్ను చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది.

"వదినా, నీకు స్కూటీ ఉండాదంట గదా?"

కోడలు కడపలో నర్సు. డ్యూటీకి బండి మీద పోయేదట. "ఉండాది," అంది బిత్తరపోయి.

"నాకు నేర్పిస్తావా?"

"మేయ్! నీకు స్కూటీ ఏందే? పట్టుచీర కొనిస్తా, జరుగు!" అన్నాడు వాళ్లన్న.

"నిన్ను అడగలా."

నవ్వులకు షామియానా ఊగింది. వాళ్లమ్మ గోడ వైపు నుంచి గిర్రున తిరిగి, "వద్దు! వద్దు! బండి వద్దు!" అని మొదలుపెట్టింది. ఆడబిడ్డ చేతులు ఇంకా వెడల్పుగా చాచింది. ఎండ, ఆకలి, మెడలో దండల బరువు. కోడలు ఒకసారి అత్తను చూసింది, ఒకసారి మొగుణ్ని చూసింది, తర్వాత వంగి ఆ పిల్ల కళ్లలోకి చూసి మాట్లాడింది.

"నేర్పిస్తా. కానీ పక్కన రెండు చక్రాలు బిగించినాకనే. మైదానంలోనే, రోడ్డు మీద గాదు. సరేనా?"

పిల్ల ఆలోచించింది. నిజంగా ఆలోచించింది. "సరే. దా," అని చేతులు దించి, తానే బియ్యం చెంబు సరిచేసి దారి ఇచ్చింది.

స్కూటీ కోడలి సామానుతో పాటు లారీలో వచ్చింది. మెకానిక్ పక్క చక్రాలు బిగించాడు. మొదటి ఆదివారం పొద్దున్నే హంద్రీ ఏటి వైపు ఖాళీ మైదానంలో మేము ముగ్గురం. వాళ్లమ్మ రాలేదు, కానీ హెల్మెట్లు పంపింది. ఒకటి కూతురికి, ఒకటి నాకు.

"నాకెందుకు?" అన్నాను.

"వెనక నువ్వే గదా అవ్వా," అంది పిల్ల. "పక్కనే ఉండల్ల గదా."

జీవితంలో నేను బండి వెనక కూర్చున్నది నా భర్త నడిపినప్పుడే, అదీ పక్కకు తిరిగి. ఇప్పుడు చీర కుచ్చిళ్లు దోపుకుని అటొక కాలు ఇటొక కాలు వేసి ఎక్కాను. కోడలు పక్కన పరిగెత్తడానికి చున్నీ నడుముకు కట్టుకుంది. నేను పద్ధతిగా చెప్పడం మొదలుపెట్టాను: మొదట అద్దం చూడు, తర్వాత బ్రేకు మీద వేళ్లు, తర్వాత నిదానంగా... బండి ఎగిరి ముందుకు దూకింది. మేకలు చెల్లాచెదురైనాయి. కోడలు ఎక్కడో వెనక నవ్వుతూ, ఆయాసపడుతూ, "తిప్పు! తిప్పు!" అంటోంది. నేను అరుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియదు.

"అవ్వా!"

"ఏమే?"

"కండ్లు మూసుకున్నావు. అద్దంలో కనపడతాండావు."

"అయితే?"

"తెరువు. శానా బాగుండాది."